వెళ్ళినవి ఎలా వెళ్ళాయి, వస్తే ఏ ఊరికి రావాలి: నా థీసిస్ డైరీ

జూలై

సినాప్సిస్ ఆమోదమైంది. విదేశీ మ్యూజియంలలో ఉన్న మన శిల్పాలు, విగ్రహాలు తిరిగి ఇవ్వడంలోని న్యాయాన్యాయాలు నా విషయం. గైడు మేడం ఒక్క సవరణ చెప్పారు. "ఇవ్వాలా వద్దా అన్నదాని మీద ఇప్పటికే బోలెడు రాశారమ్మా. నువ్వు కోనసీమలో పుట్టి పెరిగినదానివి. ఇస్తే ఎవరి చేతికివ్వాలి, ఏ ఊళ్ళో దింపాలి, అది రాయి" అన్నారు. ఆ మాటతో నా పనికి దారి తెలిసింది. ఢిల్లీలో పెట్టె దిగి, మంత్రిగారు ఫొటో దిగాక వార్త అయిపోతుంది. ఊరి సంగతి మొదలయ్యేదే అక్కడ. నాకు ఆ రెండో భాగం కావాలి.

మొదటి అధ్యాయం: ఎలా వెళ్ళాయి. అన్నిటినీ "దోచుకుపోయారు" అని ఒకే గాటన కట్టేస్తే రాయడం తేలిక. కానీ అది నిజం కాదు, పైగా మన వాదనకే నష్టం. అందుకని నాలుగు రకాలుగా విడదీసుకున్నా: అధికారం చేతిలో ఉన్న రోజుల్లో దొరలు తవ్వించి తరలించినవి, యుద్ధంలోనో ఒత్తిడిలోనో లాక్కున్నవి, డబ్బిచ్చి కొన్నవి, దొంగలు ఎత్తుకుపోయి అమ్మినవి. ఒక్కోదాన్ని అడిగే హక్కు ఒక్కో రకం, చూపించాల్సిన కాగితమూ ఒక్కో రకం.

కొన్నవాటికి మా దగ్గర ఉదాహరణ బట్టలు. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషు వాళ్ళకి, పాలకొల్లులో డచ్చి వాళ్ళకి వర్తక స్థావరాలుండేవి. ఇక్కడి నేత ఓడలెక్కి యూరప్ వెళ్ళింది. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు ఇవాళ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. నేసినవాడికి ముట్టిందెంత, మధ్యవాళ్ళు తిన్నదెంత అన్నది ఇంకో అన్యాయం, దాన్ని విడిగా రాయాలి. అయితే అమ్మకానికి నేసిన బట్టనీ పూజకి చెక్కిన విగ్రహాన్నీ ఒకే వరసలో పెట్టి "ఇచ్చెయ్యండి" అనలేను. ఆ బట్టల విషయంలో నేను అడిగేది వేరు. పాత నమూనాలు మా నేతపనివాళ్ళకి, అద్దకం పనివాళ్ళకి చూపించాలి, ఫొటోలు పైసా తీసుకోకుండా వాడుకోనివ్వాలి.

ఆగస్టు, వరద రోజులు

లంకల్లోకి నీళ్ళొచ్చాయి, కాజ్‌వేలు మునిగాయి. బయటి పని కుదరదు కాబట్టి ఇంట్లో కూర్చుని అమరావతి భాగం రాశా.

ఈ విషయం ఎత్తగానే తెలుగువాళ్ళెవరికైనా ముందు గుర్తొచ్చేవి అమరావతి బౌద్ధ స్తూపం రాళ్ళే, అవి కృష్ణ ఒడ్డువైనా సరే. కథ తెలిసినవాళ్ళు కూడా మధ్యలో సంగతులు వదిలేస్తుంటారు. అందుకని తేదీల వారీగా పేర్చుకున్నా. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తన రాజధానిని అమరావతికి మార్చుకుంటూ, కట్టడాలకి రాయి కోసం ఆ స్తూపం దిబ్బని తవ్వించారు. 1797లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి బొమ్మలు గీయించాడు. ఆ మధ్యకాలంలోనే ఎన్నో పలకలు మాయమయ్యాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేసేశారు. 1845లో కుంపిణీ అధికారి వాల్టర్ ఇలియట్ మళ్ళీ తవ్వించి, దొరికిన రాళ్ళని మద్రాసు పంపించాడు. అక్కడవి ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కాయి. లండన్‌లో ఫైఫ్ హౌస్ బండ్ల కొట్టంలో ఉన్నవాటిని 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ వెలికి తీశాడు. బ్రిటిష్ మ్యూజియంకి చేరేసరికి 1880.

"మేం పట్టుకెళ్ళకపోతే ఈపాటికి సున్నమైపోయేవి" అనే వాదనలో సగం నిజముంది. ఆ సగాన్ని నేను దాచను. దిబ్బ తవ్వించింది మన జమీందారే, సున్నం కాల్చింది మనవాళ్ళే. కానీ కాపాడామన్నవాళ్ళ చేతుల్లో కూడా ఆ రాళ్ళు మద్రాసు వానల్లో నానాయి, లండన్ కొట్టంలో దుమ్ము పట్టాయి. వరదలో కొట్టుకుపోతున్న పక్కూరి గేదెని ఒడ్డుకి లాగినవాడు మేత ఖర్చు అడిగితే న్యాయమే, గేదె నాదంటే కాదు. ఈ అధ్యాయంలో నా వాదన అంతా ఇదే: కాపాడటం ఒక సేవ, దానికి గౌరవం ఇవ్వాలి, అంతమాత్రాన అది యాజమాన్యం కాదు.

బ్రిటిష్ మ్యూజియం వాళ్ళ జవాబు ఎప్పుడూ 1963 నాటి చట్టమే. కొద్దిపాటి మినహాయింపులు తప్పితే సేకరణలోంచి వస్తువు బయటికి ఇవ్వడానికి ఆ చట్టం ఒప్పుకోదు. నిజమే. కానీ నాజీలు లాక్కున్న వస్తువుల కోసం అదే పార్లమెంటు 2009లో వేరే చట్టం చేసి దారి ఇచ్చింది. చేయాలనుకుంటే చేయొచ్చని వాళ్ళే చూపించారు. అంత కట్టుబాటు లేని చోట పని త్వరగానే అయింది. 2022లో గ్లాస్గో మ్యూజియంలు 7 వస్తువులు భారతదేశానికి ఇవ్వడానికి ఒప్పందం రాశాయి. అందులో ఎక్కువ గుళ్ళ నుంచీ పూజాస్థలాల నుంచీ పోయినవి. ఒకటి మాత్రం 1905లో హైదరాబాదు నిజాం సేకరణ నుంచి వెళ్ళిన కత్తి.

ఆగస్టు ఆఖరు, ధవళేశ్వరం

వరద తీశాక కాటన్ మ్యూజియంకి వెళ్ళొచ్చా. అక్కడ ఆనకట్ట నమూనాల ముందు నిలబడి ఉండగా రెండు తేదీలు ఒకచోట కలిశాయి. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అమరావతి తవ్వించిన ఇలియటే 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకి కమిషనరు. అంటే అదే దొరతనం ఒక చేత్తో గోదావరికి అడ్డంగా రాయి పేర్చింది, ఇంకో చేత్తో కృష్ణ ఒడ్డు నుంచి రాయి పట్టుకెళ్ళింది. మా డెల్టాలో ఈ విషయం మాట్లాడాలంటే ఆ రెండు చేతుల గురించీ మాట్లాడాలి. ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉన్న చోట, గోదావరి స్నానంలో ఆయన పేరుతో శ్లోకం చదివే పురోహితులున్న చోట, "దొరలందరూ దొంగలు" అంటే ఎవరూ వినరు. వినకపోవడంలో వాళ్ళ తప్పు లేదు.

బొబ్బర్లంక దగ్గర ఒక రైతు దంపతులతో మాట్లాడా. ఆయనన్నారు: "కాటన్ దొర మాకు అన్నం పెట్టాడండి. నాలుగు రాళ్ళు పట్టుకెళ్తే పట్టుకెళ్ళారు, పోనిద్దురూ." ఆవిడ వెంటనే అందుకున్నారు: "అన్నం పెడితే మాత్రం ఇంట్లో దేవుణ్ణి తీసుకుపోతారేంటండీ?" ఆ రెండు మాటల్నీ అలాగే రెండో అధ్యాయం మొదట్లో పెట్టాను. మేలు చేసినవాడి దగ్గర కూడా మనది మనం అడగొచ్చు అన్న సంగతి ఆవిడ చెప్పినంత సూటిగా నేను చదివిన వ్యాసాల్లో ఎవరూ చెప్పలేదు.

ఈ నెలలోనే ఇంకో తాజా విషయం చేరింది. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపం రత్నాలు. 1898లో విలియం క్లాక్స్టన్ పెప్పే తన ఎస్టేటులో స్తూపం తవ్విస్తే బుద్ధుడి ధాతువులతో పాటు దొరికినవి. అస్థికలు సియాం (నేటి థాయ్‌లాండ్) రాజుకి వెళ్ళాయి, రత్నాల్లో కొంత వాటా పెప్పే కుటుంబం దగ్గర ఉండిపోయింది. 2025 మేలో హాంగ్‌కాంగ్‌లో సోత్‌బీస్ అనే వేలం సంస్థ వాటిని వేలానికి పెట్టబోతే మన ప్రభుత్వం నోటీసిచ్చి ఆపించింది. జూలై 30న అవి దేశానికి వచ్చాయి, గోద్రెజ్ సంస్థ కొనడం వల్ల. వచ్చినందుకు సంతోషమే. కానీ స్తూపం గర్భంలోంచి తీసినదానికి వెల కట్టి చెల్లిస్తే, రేపు ఇంకో కుటుంబం ఇంకో పెట్టె తెరిచి ఎంతిస్తారని అడగదా? మేడం అభిప్రాయం వేరు. "వేలంలో ముక్కలు ముక్కలుగా పోయి మళ్ళీ కంటికి కనపడకుండా పోవడం కన్నా ఇదే మేలు కదమ్మా" అంటారు. మేమిద్దరం ఒక మాట మీదికి రాలేదు. రెండు వైపులా రాసి, నేను ఎటువైపో చెప్తాను: ఆపించడం సరైనదే, డబ్బివ్వడం అలవాటు కాకూడదు.

దసరా సెలవులు

దొంగతనాల అధ్యాయం. ఇక్కడ దొరలు లేరు, సామ్రాజ్యం లేదు. ఉన్నది తాళం, గునపం, దళారి, దొంగ కాగితాలు.

ఆంధ్రాకి సంబంధించి బాగా పనికొచ్చే ఉదాహరణ ప్రకాశం జిల్లా చందవరం. గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం. అక్కడి నుంచి పోయిన సున్నపురాతి పలక, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం, ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. న్యూయార్కు వ్యాపారి నాన్సీ వీనర్ దుకాణం నుంచి 2005లో కొన్నారు. 2016లో తిరిగిచ్చారు. ఇంకో న్యూయార్కు వ్యాపారి సుభాష్ కపూర్ అమ్మిన తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజుని అదే గ్యాలరీ అంతకుముందే 2014లో ఇచ్చేసింది. దాన్ని 2008లో 50 లక్షల డాలర్లకి కొన్నారు. కపూర్ 2011లో జర్మనీలో పట్టుబడ్డాడు, 2022లో కుంభకోణం కోర్టు 10 ఏళ్ళు శిక్ష వేసింది.

ఈ కేసులన్నీ చదివితే ఒకటే కనిపిస్తుంది. విగ్రహం ఇక్కడ ఉండేదని చూపించే పాత ఫొటో ఉంటే పని అవుతుంది. ఆక్స్‌ఫర్డ్ యాష్‌మోలియన్ మ్యూజియం 1967లో వేలంలో కొన్న తిరుమంగై ఆళ్వారు కంచు విగ్రహం సంగతి అంతే. అది కుంభకోణం దగ్గరి గుళ్ళో ఉండగా 1957లో తీసిన ఫొటో పాండిచ్చేరి ఫ్రెంచ్ సంస్థలో బయటపడింది. 2024లో విశ్వవిద్యాలయం ఇవ్వడానికి ఒప్పుకుంది. తమిళనాడు గుళ్ళని ఆ సంస్థ దశాబ్దాల పాటు ఓపిగ్గా ఫొటోలు తీసి దాచింది. మా గోదావరి గుళ్ళకి?

అది తేల్చుకోవడానికి ఒక గుడికి వెళ్ళా. ఊరి పేరు రాయను, కారణం కింద చెప్తా. గుడి చిన్నదే, ఎండోమెంట్స్ కింద ఉంది. గుడి ఆస్తుల వివరాలు రాసే 43 రిజిస్టర్ చూపించారు. భూములు సర్వే నంబర్లతో సహా, గట్టు హద్దులతో సహా, వివరంగా ఉన్నాయి. ఉత్సవ విగ్రహాల దగ్గరికి వచ్చేసరికి: "స్వామివారు 1, శ్రీదేవి 1, భూదేవి 1, పంచలోహం", పక్కన బరువు. అంతే. ఈ వర్ణన మా డెల్టాలో ఏ వైష్ణవాలయంలో విగ్రహాలకైనా సరిపోతుంది. రేపు ఇవి పోయి ఎక్కడో గ్యాలరీలో కనపడితే ఈ పంక్తితో ఏ కోర్టుకి వెళ్తాం?

అర్చకులు గారికి డెబ్భై దాటాయి. నా దగ్గర ఆబ్జెక్ట్ ఐడీ అనే పద్ధతి ఉంది. పోయిన కళాఖండాన్ని గుర్తుపట్టడానికి కనీసం ఏయే వివరాలు రాసిపెట్టాలో 1997లో అంతర్జాతీయంగా ఖరారు చేసిన పద్ధతి అది. దాన్ని తెలుగులో ఒక పేజీ ఫారంగా దింపి, డీటీపీ చేయించి పట్టుకెళ్ళా. ఫొటోలు, వస్తువు రకం, లోహం, కొలతలు, రాతలు, ప్రత్యేక గుర్తులు, ఇలా వరసగా గళ్ళు. విగ్రహాలని నేను తాకకూడదు, గర్భాలయంలోకి రాకూడదు. తెల్లవారుజామున అభిషేకానికి ముందు, అలంకారం లేనప్పుడు, ఆయనే దారంతో ఎత్తు, పీఠం వెడల్పు కొలిచి దారానికి ముడులు వేశారు. గడప ఇవతల కూర్చుని ఆ ముడుల్ని నేను టేపు మీద పెట్టి సెంటీమీటర్లలో రాసుకున్నా. "ప్రత్యేక గుర్తులు" గడి దగ్గర, "ఏమైనా విరిగినవి, అతుకులు ఉన్నాయాండీ తాతగారూ" అని అడిగా. ఆయన కళ్ళు మూసుకున్నారు. భూదేవి ఎడమ చేతి చిటికెన వేలు సగానికి విరిగి అతికించి ఉందన్నారు. స్వామివారి వీపు కింద బియ్యపు గింజంత గుంట ఉందన్నారు. శ్రీదేవి పీఠం అడుగున, ముందు వైపు కాదు వెనక వైపు, ఒక మూల అరిగిపోయిందన్నారు. "రోజూ తడిబట్ట పెట్టి తుడుస్తాను కదమ్మాయ్, వేలికి తగుల్తాయి" అన్నారు. తర్వాత దీపం దగ్గర పెట్టి చూపించారు. మూడూ ఉన్నాయి.

రిజిస్టర్‌లో లేనిది ఆయన వేళ్ళకి తెలుసు. ఆయన తర్వాత గుడికి ఎవరొస్తారో ఇంకా తెలియదు, అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. ఆ ఫారం మూడు ప్రతులు తీసి, ఒకటి గుడికి, ఒకటి ఈవో గారికి ఇచ్చాం, మూడోది సీలు వేసి మేడం దగ్గర పెట్టాం. థీసిస్‌లో ఫొటోలు వేయడం లేదు, ఊరి పేరూ లేదు. బహిరంగంగా పెడితే దొంగలకి క్యాటలాగు అచ్చేసి ఇచ్చినట్టే. పెట్టకపోతే విదేశాల్లో వెతికేవాళ్ళకి ఆధారం అందదు. దీని మీద నేను ఒక నిర్ణయానికి వచ్చా: వివరాలు ఉండాలి, రెండు మూడు చోట్ల భద్రంగా ఉండాలి, పోయిన రోజున మాత్రమే బయటికి రావాలి. 1972 పురావస్తువుల చట్టం కింద శిల్పాలకి రిజిస్ట్రేషన్ ఎప్పటి నుంచో ఉంది. కానీ పల్లెటూరి గుడి దాకా అది ఎవరు మోసుకొస్తారు? మా కాలేజీ చరిత్ర విద్యార్థులతో ఈ ఫారం నింపించే ఏర్పాటు గురించి అయిదో అధ్యాయంలో ఒక ప్రతిపాదన పెడుతున్నా.

కార్తీకం

పంచారామాల రద్దీ. ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, సామర్లకోట అంటూ బస్సులన్నీ నిండిపోయాయి. నేను ర్యాలి వెళ్ళా.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఏకశిల. ముందు నుంచి విష్ణువు, వెనక నుంచి మోహిని. అర్చకులు దీపం పట్టుకుని మూర్తి వెనక్కి తీసుకెళ్ళి ఒక్కొక్కటే చూపిస్తారు. ముడి వేసిన కొప్పు, చీర మడత, కాలి మీద పుట్టుమచ్చ. దీపం కదిలితే గాని ఆ పనితనం కనపడదు. అది చూస్తుంటే మ్యూజియంలో గోడకి ఆనించి నిలబెట్టిన మన విగ్రహాలు గుర్తొచ్చాయి. వాటి వెనక ఏముందో చూసేవాళ్ళకి తెలిసే దారి లేదు. లైటింగు ఎంత బాగున్నా సరే. గుడి, దీపం, చెప్పే మనిషి, తిరిగి చూసే జనం, ఇవన్నీ కలిస్తేనే ఆ రాయి అర్థమవుతుంది.

పెద్ద మ్యూజియంలు 2002లో ఒక ప్రకటన చేశాయి. మా సేకరణలు ఒక దేశానివి కావు, ప్రపంచ ప్రజలందరివీ అని. మంచి మాటే. అమలాపురం కుర్రాడు ఒకడు ఆ ప్రపంచ ప్రజల్లో ఉన్నాడా? వాడికి పాస్‌పోర్టు, వీసా, విమానం టికెట్టు, లండన్‌లో నాలుగు రోజుల తిండి, బస ఎవరిస్తారు? వాడు చూడగలిగిన రోజున నేను ఆ వాదనని ఒప్పుకుంటాను.

ధనుర్మాసం

ఇంటర్వ్యూలు చాలా వరకు అయ్యాయి. ఎక్కడికెళ్ళినా కోహినూరు అడుగుతారు. కృష్ణ ఒడ్డు కొల్లూరు గనుల్లో దొరికిందని ప్రసిద్ధి, ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. 1849 లాహోరు ఒప్పందంలో పదేళ్ళ పిల్లాడైన దలీప్ సింగ్ దగ్గర తీసుకున్నారు. మనమే కాదు, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, ఇరాన్ కూడా మాదే అంటున్నాయి. దాని మీద థీసిస్‌లో రెండు పేజీలకి మించి రాయను. అందరి కళ్ళూ ఆ ఒక్క రాయి మీదే ఉంటే, పేరు లేని గ్రామదేవత విగ్రహాన్ని వెతికేవాళ్ళు ఉండరు.

నాకు ఎక్కువ పని పెట్టింది వేరే విషయం. మా జిల్లాలో చాలా చోట్ల పాత జైన తీర్థంకర విగ్రహాలున్నాయి. 1907 నాటి గోదావరి జిల్లా గెజెటీరు వాటి గురించి రాసింది. పిఠాపురం లాంటి చోట్ల జనం వాటిని సన్యాసి దేవుళ్ళంటూ కొలిచేవారు. జైనులు వెళ్ళిపోయి వందల ఏళ్ళయినా మొక్కులు ఆగలేదు. రేపు అలాంటి విగ్రహం ఒకటి పరాయి దేశం నుంచి తిరిగొస్తే హక్కు ఎవరిది? చెక్కించిన మతానిదా, కొలుస్తున్న ఊరిదా, పురావస్తు శాఖదా? ప్రభుత్వం ప్రభుత్వానికి అప్పగిస్తుంది కాబట్టి కాగితం మీద జవాబు సులువు. చివరికి ఆ విగ్రహం ఢిల్లీ పురానా ఖిల్లా గ్యాలరీలోనో, గోదాములోనో ఉంటుంది. తమిళనాడులో తిరిగొచ్చినవి భద్రత పేరుతో, కేసు సాక్ష్యం పేరుతో విగ్రహాలు దాచే ఐకాన్ సెంటర్లలో ఉండిపోతున్నాయి. దొంగతనం భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. కానీ ఊరివాళ్ళని కనీసం అడగాలి. మీ దగ్గర పెట్టుకుంటారా, కాపలా ఎలా పెడతారు, పండక్కి తీసుకొచ్చి మళ్ళీ దాచమంటారా? ఇంతవరకూ ఆ సంభాషణలో ఊరికి కుర్చీ వేయలేదు.

ఏలూరు వెళ్ళినరోజు కావలి సోదరుల గురించి చదువుకున్నా. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. మెకంజీ వెనకాల ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ స్థానిక చరిత్రలు, రాయించిన తెలుగువాళ్ళు. 1821లో మెకంజీ పోయాక ఆయన భార్య నుంచి కుంపిణీ ఆ సేకరణని లక్ష రూపాయలకి కొంది. కాగితాలు కొన్ని లండన్‌లో, కొన్ని మద్రాసులో. వీటికి మాత్రం నేను స్కాన్లు చాలంటాను. మనకి కావలసింది అందులో ఉన్న మా ఊళ్ళ సంగతి, అది ఇంట్లో కూర్చుని చదవగలిగితే సగం న్యాయం జరిగినట్టే. కోరుమిల్లి తామ్రశాసనం మీద మాత్రం అంత ధీమాగా అనలేను. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం శకం 944, అంటే 1022, అని మనకి చెప్పింది ఆ రేకులే. పాఠం పుస్తకాల్లో అచ్చయింది. ఆ ఊరి బడి పిల్లలు రేకుల నమూనా అయినా చూడలేదు. రాగి రేకుకి నకలు చేయించి బళ్ళో పెట్టడం పెద్ద ఖర్చు కాదు, ఇది కూడా ప్రతిపాదనల్లో చేర్చా.

సంక్రాంతి తర్వాత

నాలుగు అధ్యాయాల డ్రాఫ్టు మేడంకి ఇచ్చేశా. ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది మూడోది ఒక్కటే. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి గ్యాలరీ గురించి నేను రాసిన పేజీ పక్కన మేడం "దీనికీ అదే కొలత పెట్టు" అని రాశారు. న్యాయంగానే అడిగారు. 1953లో రాష్ట్రం విడిపోయింది, రాళ్ళు అక్కడే ఉన్నాయి. లండన్‌ని అడిగే నోటితో చెన్నైని ఎందుకు అడగం? నా జవాబు: అడగాలి, కానీ కోర్టు భాషలో కాదు. దేశం ఒకటే, అక్కడి వాళ్ళు వందేళ్ళకి పైగా వాటిని చూసుకున్నారు, విజయవాడలో రైలెక్కితే రాత్రికి చేరతాం. కాబట్టి కొన్ని పలకలు విడతల వారీగా అమరావతి మ్యూజియంకి తెచ్చి పెట్టే ఒప్పందం నేను సూచిస్తున్నా. వస్తువు వెళ్ళిన తీరుని బట్టి అడిగే తీరు మారాలన్న నా మొదటి అధ్యాయానికి ఇది సరిపోతుంది.

అయిదో అధ్యాయంలో ఒక ముడి ఇంకా విప్పాలి. పత్తూరు నటరాజు కేసు. 1976లో తంజావూరు జిల్లాలో ఒక కూలి మనిషికి మట్టిలో దొరికిన విగ్రహం చేతులు మారి లండన్ చేరింది. శిథిలమైపోయి, పూజలు లేని గుడి కూడా హక్కుదారుగా దావా వేయొచ్చని ఇంగ్లండ్ కోర్టు ఒప్పుకుంది. అప్పీలులోనూ నిలబడి 1991లో విగ్రహం మన దేశానికి వచ్చింది. అక్కడ గుడి పాడైనా ఆ చోటు మిగిలి ఉంది. మా దగ్గర చోటే మిగలదు. ఏటికోతకి గుడితో సహా లేచిపోయిన లంక ఊళ్ళున్నాయి. జనం గట్టు ఇవతల కొత్త కాలనీల్లో సర్దుకున్నారు, కొందరు దేవుణ్ణి వెంట తెచ్చుకున్నారు, కొందరు తెచ్చుకోలేకపోయారు. అలాంటి ఊరి విగ్రహం ఏ ఇసుక మేటలోనో దొరికి, అమ్ముడైపోయి, రేపు ఎక్కడో బయటపడితే గుడి తరఫున నిలబడేది ఎవరు? ఆ కాలనీల పెద్దల్ని కలవడానికి ముమ్మిడివరం వైపు మాట్లాడి పెట్టుకున్నా. మాఘమాసంలో పెళ్ళిళ్ళ హడావుడి మొదలవకముందే వెళ్ళి రావాలి, మార్చికి ప్రీ-టాక్, అంటే థీసిస్ ఇచ్చే ముందు చేసే ప్రసంగం, ఇవ్వాలి.